ల్యాన్‌లో కొలిజన్లు, నెట్ ఆలస్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో షాపులకు, స్కూల్ ల్యాబ్‌లకు, ఆస్పత్రులకు, పలాస వైపు జీడిపప్పు యూనిట్లకు ల్యాన్ (ఒక చోట ఉన్న కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్) వేసే పనిలో ఉన్నవాళ్లకు రోజూ ఎదురయ్యే ప్రశ్నలివి. చాలామంది నెట్ స్లో అయిందనగానే ప్లాన్ పెంచేస్తున్నారు. ఆ డబ్బు కట్టే ముందు గోడ వెంట వెళ్లే కేబుల్‌ని, అది దిగే స్విచ్ (కేబుళ్లన్నీ వచ్చి కలిసే నెట్‌వర్క్ పెట్టె) పోర్టుని ఒకసారి చూడమని అడగడానికే ఈ పేజీ.

అసలు కొలిజన్ అంటే ఏమిటి?

ఒకే తీగను పంచుకునే రెండు కంప్యూటర్లు ఒకే సమయంలో డేటా పంపితే రెండు సిగ్నళ్లూ కలిసిపోతాయి. అందులో ఏదీ ఎవరికీ చదవడానికి పనికిరాదు. అదే కొలిజన్.

1973లో జెరాక్స్ కంపెనీ పాలో ఆల్టో పరిశోధనశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ ఈథర్నెట్‌ను, అంటే ఇప్పుడు మన ల్యాన్ కేబుళ్ల మీద నడిచే పద్ధతిని, తయారుచేసినప్పుడు స్విచ్‌లు లేవు. భవనమంతా ఒకటే లావుపాటి కేబుల్, దానికే అన్ని యంత్రాలూ తగిలించి ఉండేవి. అంతకుముందే హవాయిలో అలోహా అనే రేడియో నెట్‌వర్క్ ఉంది. అందులో ఎవరికి తోచినప్పుడు వాళ్లు పంపేసేవారు. మెట్‌కాఫ్ దానికి రెండు అలవాట్లు చేర్చాడు. పంపే ముందు తీగ ఖాళీగా ఉందో లేదో వినాలి. పంపుతూ ఉండగా కూడా వింటూనే ఉండాలి. పరీక్షల్లో సీఎస్ఎంఏ/సీడీ అని రాసేది దీన్నే. 1983లో ఇది ఐఈఈఈ 802.3 ప్రమాణంగా వచ్చింది.

ముందుగా విన్నాక కూడా ఎందుకు ఢీకొంటాయంటే, సిగ్నల్ చేరడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి. ఆ చివరన ఒకరు మొదలుపెట్టిన సంగతి ఈ చివరకు ఇంకా తెలియదు. తీగ ఖాళీయే అనుకుని ఈయనా మొదలుపెడతాడు. కాన్ఫరెన్స్ కాల్‌లో ఇద్దరు ఒకేసారి నోరు తెరిచి, ఇద్దరూ ఆగి, "మీరు చెప్పండి", "కాదు మీరు చెప్పండి" అనుకుని, మళ్లీ ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టడం అందరికీ అనుభవమే. ఈథర్నెట్ ఈ చిక్కును ఇద్దరికీ చెరో సమయం లాటరీ వేసి విప్పుతుంది.

ఒక్కో కొలిజన్ వల్ల ఎంత ఆలస్యం అవుతుంది?

మీరు అనుకునే దానికంటే చాలా తక్కువ. కొలిజన్ అనే మాట వినగానే టెన్షన్ పడేవాళ్లు ఈ లెక్కను నిదానంగా చదవాలి.

10 ఎంబీపీఎస్ (సెకండుకు కోటి బిట్లు) వేగంతో హబ్ వాడే, అంటే అందరూ ఒకే తీగను పంచుకున్నట్టుండే నెట్‌వర్క్‌ను తీసుకోండి. ఢీకొన్నట్టు తెలియగానే రెండు కంప్యూటర్ల నెట్‌వర్క్ కార్డులూ 32 బిట్ల జామ్ సిగ్నల్ పంపి ఆగిపోతాయి. తర్వాత ఒక్కొక్కటి ఎన్ని స్లాట్లు ఆగాలో సొంతంగా లాటరీ వేసుకుంటుంది. ఒక స్లాట్ అంటే 512 బిట్లు పంపే సమయం, 10 ఎంబీపీఎస్ దగ్గర 51.2 మైక్రోసెకండ్లు. మొదటిసారి 0 లేదా 1 స్లాట్. మళ్లీ ఢీకొంటే 0 నుంచి 3 లోపు ఏదో ఒకటి. ఆ తర్వాత 0 నుంచి 7. ఇలా ప్రతిసారీ పరిధి రెట్టింపవుతూ పదోసారికి 0 నుంచి 1023 దాకా వెళ్లి అక్కడ ఆగుతుంది. పోటీలో ఇద్దరే ఉంటే మొదటి లాటరీ తర్వాత మళ్లీ ఢీకొనే అవకాశం సగం, రెండో దాని తర్వాత నాలుగో వంతు, మూడో దాని తర్వాత ఎనిమిదో వంతు. అంటే రెండు మూడు ప్రయత్నాల్లో గొడవ తీరిపోవడమే ఎక్కువ.

పదహారోసారి కూడా ఢీకొంటే కార్డు ఆ ఫ్రేమ్‌ను (ఒక విడతలో పంపే డేటా ముక్కను) వదిలేస్తుంది. లాటరీలో ప్రతిసారీ అతి పెద్ద అంకే తగిలిందనుకున్నా, అంతవరకూ ఆగిన సమయం మొత్తం 7,151 స్లాట్లు. 10 ఎంబీపీఎస్ దగ్గర దాదాపు 366 మిల్లీసెకండ్లు, 100 ఎంబీపీఎస్ దగ్గర అందులో పదో వంతు. మామూలు కొలిజన్‌కు మాత్రం ఒక మిల్లీసెకండ్ కూడా పట్టదు. పోలిక కోసం చెప్పాలంటే, పూర్తి సైజు 1,518 బైట్ల ఫ్రేమ్ 10 ఎంబీపీఎస్ తీగ మీద వెళ్లడానికే 1.2 మిల్లీసెకండ్లు పడుతుంది.

కాబట్టి కొలిజన్ జరగడం ఆ పద్ధతిలో మామూలు విషయం. భయపడాల్సింది లేట్ కొలిజన్‌కు.

లేట్ కొలిజన్‌లో అంత ప్రమాదం ఏముంది?

ఈథర్నెట్ ఫ్రేమ్ కనీసం 64 బైట్లు, అంటే 512 బిట్లు ఉండాలన్న నియమం ఊరికే పెట్టలేదు. ఫ్రేమ్ పంపడం పూర్తయ్యేలోపే నెట్‌వర్క్ అవతలి చివర జరిగిన గొడవ కబురు వెనక్కి చేరాలి. అందుకే ప్రమాణంలో కేబుల్ పొడవుకూ, మధ్యలో పెట్టే హబ్‌ల సంఖ్యకూ హద్దులు పెట్టారు. హద్దులు పాటించిన నెట్‌వర్క్‌లో ఏ కొలిజన్ అయినా మొదటి 512 బిట్ల లోపే తేలిపోతుంది. కార్డు దాన్ని గుర్తించి తనంతట తానే మళ్లీ పంపుతుంది. పై సాఫ్ట్‌వేర్‌కు ఆ సంగతే తెలియదు.

ఆ 512 బిట్లు దాటాక ఢీకొంటే లేట్ కొలిజన్. చాలా కార్డులు అప్పుడు ఆ ఫ్రేమ్‌ను మళ్లీ పంపవు, వదిలేస్తాయి. పోయిందని గుర్తించాల్సిన పని టీసీపీ (డేటా చేరిందో లేదో చూసుకునే సాఫ్ట్‌వేర్) మీద పడుతుంది. వెనుక వచ్చిన ప్యాకెట్ల జవాబులను బట్టి పోయిన సంగతి పసిగడితే సరే. లేకపోతే టైమర్ అయిపోయేదాకా ఆగాలి. లినక్స్‌లో ఆ టైమర్ కనీసం 200 మిల్లీసెకండ్లు, టీసీపీ ప్రమాణం సిఫార్సు చేసేది ఒక సెకండ్. మళ్లీ పోతే అది రెట్టింపు. పైగా టీసీపీ దీన్ని ట్రాఫిక్ రద్దీగా భావించి వేగం తగ్గించేస్తుంది. మైక్రోసెకండ్లలో తీరిపోవాల్సిన గొడవ సెకండ్లలోకి వెళ్లేది ఇక్కడే.

మా ల్యాబ్‌లో ఉన్నది హబ్బా, స్విచ్చా?

వెనుక స్టిక్కర్ చదవండి. పాత హబ్‌ల ముందు భాగంలో "COL" (కొలిజన్‌కు పొట్టి పేరు) అని రాసి ఒక చిన్న లైట్ ఉండేది, కొలిజన్ జరిగినప్పుడల్లా అది వెలిగేది. కొన్ని పాత స్విచ్‌ల మీద కూడా అలాంటి లైటు ఉంటుంది కాబట్టి అదొక్కటే చూసి తేల్చొద్దు.

హబ్ ఒక పోర్టులో వచ్చింది మిగతా అన్ని పోర్టులకూ పంపేస్తుంది. పదహారు కంప్యూటర్లు తగిలించినా అందరిదీ ఒకటే కొలిజన్ ప్రాంతం. స్విచ్‌లో ప్రతి పోర్టూ వేరు. కల్పనా అనే అమెరికన్ కంపెనీ 1990లో మొదటి ఈథర్నెట్ స్విచ్ తెచ్చింది. 1997లో ఫుల్ డ్యూప్లెక్స్ ప్రమాణం వచ్చాక, పంపడం, అందుకోవడం రెండూ ఒకేసారి జరగడం మొదలై, వినాల్సిన అవసరమే పోయింది. ఒకసారికి ఒకవైపే పంపగలిగితే హాఫ్ డ్యూప్లెక్స్. స్విచ్‌కి, కంప్యూటర్‌కి మధ్య ఫుల్ డ్యూప్లెక్స్ ఉంటే కొలిజన్ అన్నమాటే లేదు.

హబ్ కనిపిస్తే తీసేయండి. మామూలు 8 పోర్టుల గిగాబిట్ స్విచ్ ఇప్పుడు పెద్ద ఖరీదేం కాదు.

అన్నీ స్విచ్‌లే, మాస్టారూ. పింగ్ (అవతలి యంత్రం పలుకుతోందా అని చూసే చిన్న పరీక్ష) బ్రహ్మాండంగా వస్తోంది. కానీ ఫైల్ కాపీ చేస్తే నత్తనడక. ఎందుకు?

ఈ రెండు లక్షణాలూ కలిసి కనిపిస్తే ముందు డ్యూప్లెక్స్ తేడానే, అంటే కేబుల్ ఒక చివర ఫుల్, ఇంకో చివర హాఫ్ ఉండటాన్నే అనుమానించండి. స్విచ్‌లున్న ఈ కాలంలో కూడా కొలిజన్లు బతికి ఉన్నాయంటే ముఖ్యంగా దీని వల్లే.

విజయనగరంలో ఒక స్కానింగ్ సెంటర్ సంగతి చెబుతాను. ఎక్స్‌రే గది నుంచి డాక్టర్ గారి గదిలోని కంప్యూటర్‌కు ఫిల్ములు వెళ్లాలి. పంపితే స్క్రీన్ మీద పచ్చ గీత కొంచెం కదులుతుంది, ఆగుతుంది, మళ్లీ కొంచెం కదులుతుంది. బయట బెంచీ మీద పేషెంట్లు కూర్చునే ఉన్నారు. ఓనర్ అప్పటికే నెట్ ప్లాన్ పెంచేశారు. "డబుల్ చేయించినా ఇంతేనా, మాస్టారూ?" అని అడిగారు. ఎక్స్‌రే గది నుంచి పక్క గదికి వెళ్లే డేటా బయటి నెట్ ముఖమే చూడదు. ఆ ప్లాన్ పది రెట్లు చేసినా ఆ పచ్చ గీత కదలదు.

పింగ్ పెడితే ఒక మిల్లీసెకండ్ లోపే జవాబు, ఒక్క ప్యాకెట్టూ పోలేదు. స్విచ్ లాగిన్ అయి ఆ పోర్టు లెక్కలు తెరిచాం. ఫిల్మ్ పంపినంతసేపూ లేట్ కొలిజన్ అంకె పెరుగుతోంది. ఆపితే అంకె కూడా ఆగుతోంది. పోర్టు పక్కన "100, హాఫ్" అని ఉంది. ఎక్స్‌రే యంత్రం కంప్యూటర్లో కార్డు సెట్టింగ్ చూస్తే "100, ఫుల్" అని చేత్తో బిగించి ఉంది.

కారణం ఇది. రెండు వైపులా ఆటో ఉంటే కార్డులు ఒకదానికొకటి తమ వేగం, డ్యూప్లెక్స్ చెప్పుకుంటాయి. ఒకవైపు చేత్తో బిగిస్తే ఆ వైపు నుంచి ఈ కబురు రాదు. ఆటోలో ఉన్న స్విచ్‌కు సిగ్నల్‌ను బట్టి వేగం 100 అని తెలుస్తుంది కానీ డ్యూప్లెక్స్ తెలిసే దారి లేదు. అలాంటప్పుడు హాఫ్ తీసుకోవాలన్నది ప్రమాణమే చెప్పిన మాట. ఇక ఫుల్ వైపు యంత్రం ఎవరినీ వినకుండా తన ఇష్టం వచ్చినప్పుడు పంపుతుంది. హాఫ్ వైపు స్విచ్ తాను పంపుతుండగా ఎదురు వచ్చినదాన్ని కొలిజన్ అనుకుని మధ్యలో ఆపేస్తుంది. అవతలి వైపు సగం విరిగిన ఫ్రేములు చేరి సీఆర్‌సీ ఎర్రర్లుగా (ఫ్రేమ్ చెడిపోయి వచ్చిందన్న లెక్కగా) కనిపిస్తాయి. పింగ్‌లో ఒకటి వెళ్లి, జవాబు ఒకటి వస్తుంది. ఇద్దరూ ఒకేసారి పంపే సందర్భమే రాదు, అందుకే అది శుభ్రంగా కనిపిస్తుంది. ఫైల్ కాపీలో ఇటు నుంచి డేటా, అటు నుంచి రసీదులు ఎడతెగకుండా వెళ్తుంటాయి, ఢీకొంటూనే ఉంటాయి.

కార్డును ఆటోకు మార్చగానే ఫిల్ములు టకటకా వెళ్లాయి. మందు అంతే: రెండు వైపులా ఆటో. యంత్రం ఆటో ఒప్పుకోకపోతే రెండు వైపులా ఒకే విలువ బిగించాలి. ఒక వైపు మాత్రం బిగించి వదిలేయకండి. రాగి తీగ మీద గిగాబిట్‌కు ఆటో తప్పనిసరి కాబట్టి అక్కడ ఈ గొడవ దాదాపు లేదు. పాత 100 పోర్టుల దగ్గర, యంత్రాలకు అమర్చిన కంప్యూటర్ల దగ్గర, మీడియా కన్వర్టర్ల (ఫైబర్‌ను రాగి కేబుల్‌కు కలిపే పెట్టెల) దగ్గర ఎక్కువగా చూస్తాం.

ఈ అంకెలు ఎక్కడ చూడాలి?

విండోస్‌లో డివైస్ మేనేజర్, నెట్‌వర్క్ అడాప్టర్, అడ్వాన్స్‌డ్ ట్యాబ్, స్పీడ్ అండ్ డ్యూప్లెక్స్. అక్కడ ఆటో నెగోషియేషన్ ఉందో లేదో కనిపిస్తుంది. లినక్స్‌లో ఎథ్‌టూల్ కమాండ్ ఇస్తే వేగం, డ్యూప్లెక్స్ రెండూ చెబుతుంది. మేనేజ్డ్ స్విచ్ అయితే పోర్ట్ స్టాటిస్టిక్స్ పేజీ.

అంకె పెద్దదా చిన్నదా అని కంగారు పడొద్దు. అది స్విచ్ ఆన్ అయిన రోజు నుంచి పోగవుతూ వచ్చిన లెక్క. ఒకసారి క్లియర్ చేసి, పెద్ద ఫైల్ ఒకటి కాపీ చేసి, మళ్లీ చూడండి. హాఫ్ డ్యూప్లెక్స్ పోర్టులో మామూలు కొలిజన్లు కొన్ని కనిపిస్తే ఆశ్చర్యం లేదు. లేట్ కొలిజన్ ఒక్కటి పెరిగినా వెతకాల్సిందే. ఫుల్ డ్యూప్లెక్స్ పోర్టులో సీఆర్‌సీ పెరుగుతుంటే ఎదుటి వైపు హాఫ్‌లో ఉందేమో చూడండి, లేదా కేబుల్‌ని అనుమానించండి.

టెస్టర్ పెడితే 8 లైట్లూ వరుసగా వెలిగాయి. ఇంక కేబుల్ బాగున్నట్టే కదా?

కాదు. రెండొందల రూపాయల టెస్టర్ చూసేది ఈ చివర ఒకటో తీగ ఆ చివర ఒకటిలోనే ఉందా అన్నది మాత్రమే.

ఆమదాలవలసలో ఒక షాపులో కొత్తగా వేసిన కేబుల్ జాక్‌ను వెలుతురులో పట్టుకుని చూస్తే రంగులు ఇలా ఉన్నాయి: ఆరెంజ్ వైట్, ఆరెంజ్, గ్రీన్ వైట్, గ్రీన్, బ్లూ వైట్, బ్లూ, బ్రౌన్ వైట్, బ్రౌన్. చూడటానికి ఎంతో పద్ధతిగా ఉంది, రెండు చివరలా అదే వరుస. టెస్టర్ పాస్. కానీ 10, 100 వేగాల్లో ఒక జత 1, 2 పిన్నుల్లోనూ రెండో జత 3, 6 పిన్నుల్లోనూ ఉండాలి. ఈ వరుసలో 3లో గ్రీన్ వైట్, 6లో బ్లూ పడ్డాయి. అవి ఒకదానికొకటి మెలిపెట్టిన తీగలు కావు. మెలికే లేకపోతే పక్క జత సిగ్నల్ ఇందులోకి కారుతుంది. ఫుల్ డ్యూప్లెక్స్‌లో అది సీఆర్‌సీ ఎర్రర్లు తెస్తుంది. హాఫ్ డ్యూప్లెక్స్‌లో అయితే తాను పంపిన సిగ్నలే తన రిసీవ్ జతలో వినిపించి, లేని కొలిజన్‌ను ఉన్నట్టు చూపిస్తుంది.

సరైన వరుస: ఆరెంజ్ వైట్, ఆరెంజ్, గ్రీన్ వైట్, బ్లూ, బ్లూ వైట్, గ్రీన్, బ్రౌన్ వైట్, బ్రౌన్. పనిలో కొత్తగా చేరిన కుర్రాళ్లకు దీన్ని మొదటిరోజే నేర్పించాలి.

ఇంకో మాట. బజార్లో చవగ్గా దొరికే కేబుల్స్‌లో చాలావాటిలో పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉంటుంది. కత్తితో గీకితే తెల్లగా కనిపిస్తుంది. 100 మీటర్లు అనే హద్దు అసలు రాగికి చెప్పింది. ఆ చవక కేబుల్‌ను 80, 90 మీటర్లు లాగి, దాని మీదే కెమెరాకు కరెంటు కూడా పంపితే ఇబ్బందులు తప్పవు.

ఉన్నట్టుండి స్విచ్ లైట్లన్నీ ఒక్కసారిగా పిచ్చిపట్టినట్టు వెలుగుతున్నాయి, ఎవరికీ నెట్ లేదు. అవన్నీ కొలిజన్లా?

అది లూప్. ఎవరో ఒకే కేబుల్ రెండు చివరలనూ ఒకే స్విచ్‌లో పెట్టి ఉంటారు, లేదా రెండు స్విచ్‌ల మధ్య రెండు కేబుల్స్ ఉన్నాయి. బ్రాడ్‌కాస్ట్ ఫ్రేములు (అందరికీ పంపేవి) ఆగకుండా తిరుగుతూ మొత్తం నింపేస్తాయి. కేబుల్స్ ఒక్కొక్కటిగా తీస్తూ పోండి, లైట్లు శాంతించిన చోట దొంగ దొరుకుతాడు.

మాది ఫైబర్ కనెక్షన్. రాత్రి ఎనిమిది నుంచి పది దాకా స్లో. అది కొలిజన్ వల్లేనా?

కాదు. వీధి చివర స్ప్లిటర్ నుంచి ఒకే ఫైబర్ 32 లేదా 64 ఇళ్లకు చీలుతుంది నిజమే. కానీ ఎవరు ఎప్పుడు పైకి పంపాలో ఆపరేటర్ దగ్గర ఫైబర్ మొదలయ్యే యంత్రం, ఓఎల్‌టీ, టైము కేటాయిస్తుంది. తన టైములోనే తన లేజర్ వెలగాలి. అందుకే ఢీకొనడం ఉండదు. ఏదైనా ఇంట్లో బాక్సు చెడిపోయి లేజర్ ఆగకుండా వెలుగుతూ ఉంటే మాత్రం ఆ లైన్ మీదున్న ఇళ్లన్నీ ఇబ్బంది పడతాయి. అది అరుదు.

రాత్రిపూట మీరు చూసేది క్యూ. జీపాన్ (ఇళ్లకు ఇలా పంచే ఫైబర్ పద్ధతి) లైన్ మీద కిందికి 2.488 గిగాబిట్లు, పైకి 1.244 గిగాబిట్లు అందరూ పంచుకోవాలి, ఆపైన ఆపరేటర్ బయటికి తీసుకున్న లైన్ సామర్థ్యం ఇంకెంత ఉందో వేరే లెక్క.

క్యూ మీ ఆఫీసులో కూడా ఉంటుంది. గిగాబిట్ సర్వర్ నుంచి వచ్చే డేటా 100 ఎంబీపీఎస్ పోర్టులోంచి బయటికి పోవాలంటే మిగిలింది స్విచ్ బఫర్‌లో (తాత్కాలికంగా దాచుకునే మెమరీలో) ఆగుతుంది. 512 కిలోబైట్ల బఫర్ నిండితే, చివర నిలబడిన ప్యాకెట్ బయటపడటానికి దాదాపు 42 మిల్లీసెకండ్లు. నిండాక వచ్చేవి పోతాయి. కొలిజన్లు పోయాక వాటి స్థానంలో మిగిలిన ఆలస్యం ఇదే.

వైఫైలో కొలిజన్లు ఉంటాయా?

ఉంటాయి, ఇప్పుడు రోజూ వాటిని భరించేది అక్కడే. తాను పంపుతున్నప్పుడు తన సిగ్నల్ హోరులో ఎదుటివాళ్లది రేడియోకు వినిపించదు. కాబట్టి ఢీకొన్నట్టు కనిపెట్టడం కుదరదు. ముందే లాటరీ వేసుకుని ఆగి పంపుతుంది, అందినట్టు జవాబు రాకపోతే పోయిందనుకుని మళ్లీ పంపుతుంది. ఆ ఆగడం, మళ్లీ పంపడం కలిసి ఆలస్యం.

అపార్ట్‌మెంట్లలో 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడని చానళ్లు 1, 6, 11 మూడే. రూటర్‌ను ఆ మూడింటిలో ఖాళీగా ఉన్నదానికి మార్చండి. వీలైతే 5 గిగాహెర్ట్జ్ వాడండి. బిల్లింగ్ కౌంటర్, ప్రింటర్ లాంటి కదలని వాటికి మాత్రం కేబులే వేయించుకోండి.

ఈథర్నెట్ 37 శాతం వాడకం దాటితే కుప్పకూలుతుందని చదివాం. నిజమేనా?

ఎచ్చెర్ల, విజయనగరం కాలేజీల విద్యార్థులు తరచుగా అడిగేది. ఆ అంకె స్లాటెడ్ అలోహా (స్లాట్ మొదట్లోనే పంపే అలోహా రకం) లెక్కలోంచి వచ్చింది, 1/e అంటే 0.368. అలోహాలో వినడం లేదు, ఈథర్నెట్‌లో ఉంది. 1988లో బాగ్స్, మోగుల్, కెంట్ నిజమైన 10 ఎంబీపీఎస్ ఈథర్నెట్ మీద కొలిచి, పెద్ద ప్యాకెట్లతో దాని సామర్థ్యంలో చాలా భాగం వాడుకోవచ్చని చూపించారు. చిన్న ప్యాకెట్లు, ఎక్కువ యంత్రాలు, పొడవాటి కేబుల్ మూడూ కలిసినప్పుడే నష్టం ఎక్కువ.

స్విచ్‌లు వచ్చాక కూడా సిలబస్‌లో సీఎస్ఎంఏ/సీడీ ఎందుకు?

గిగాబిట్‌కు హాఫ్ డ్యూప్లెక్స్‌ను కాగితం మీద రాశారు కానీ దాదాపు ఎవరూ వాడలేదు. 2002లో వచ్చిన 10 గిగాబిట్‌లో అది పూర్తిగా తీసేశారు. అయినా 2019లో, కార్లు, ఫ్యాక్టరీ పరికరాల కోసం, ఒకే జత తీగ మీద చాలా పరికరాలు తగిలించే 10 ఎంబీపీఎస్ ఈథర్నెట్ వచ్చింది. పంచుకునే తీగ మళ్లీ వచ్చింది. అందులో ఢీకొనకుండా వంతులవారీగా అవకాశమిచ్చే పద్ధతి కూడా చేర్చారు. ఆ వంతులు ఎందుకు కావాల్సి వచ్చాయో అర్థం కావాలంటే పాత పాఠం రావాలి. వైఫైలో లాటరీ కూడా దాని తమ్ముడే.

వేసవిలో సాయంత్రం ఉరుము ఉరిమాక పోర్టులు సగం పనిచేస్తున్నాయి. ఇదేంటి?

మన జిల్లాల్లో ఏప్రిల్, మే నెలల్లో ఇది ఏటా చూసేదే. పిడుగు నేరుగా పడక్కర్లేదు. ఒక బిల్డింగ్ నుంచి ఇంకో బిల్డింగ్‌కు గాల్లో వేలాడే రాగి కేబుల్ ఉంటే చాలు, దగ్గర్లో పడ్డ పిడుగు ప్రభావం అందులోకి వస్తుంది. పోర్టు పూర్తిగా చచ్చిపోతే కనీసం తెలుస్తుంది. సగం దెబ్బతింటేనే కష్టం: లింక్ లైటు వెలుగుతుంది, వేగం మాత్రం 10కి పడిపోతుంది, ఎర్రర్లు పెరుగుతాయి. పక్క పోర్టులోకి మార్చి చూడండి. బాగైతే పాత పోర్టుకు టేపు అంటించి వదిలేయండి.

రెండు బిల్డింగ్‌ల మధ్య రాగి కేబుల్ వేయకండి. ఫైబర్ వేసి రెండు చివరలా మీడియా కన్వర్టర్లు పెట్టండి. ఇక్కడ దొరికే డ్రాప్ ఫైబర్‌లో బలం కోసం స్టీలు తీగ ఉంటుంది, అది కూడా పిడుగు కరెంటును మోస్తుంది. ఆ తీగను గోడ బయటే క్లాంపుకు కట్టి కత్తిరించి, ఫైబర్‌ను మాత్రమే లోపలికి తీసుకోవాలి.